తపన తూకం

నాగావళి కొత్త వంతెనని ఎత్తుకుపోయిన వరద తర్వాత అది పద్దెనిమిదో ఏడు. ఆ దిగువ ఊళ్లల్లో ఏళ్లని ఆ వరద నుంచే లెక్కపెడుతున్నారు. వరదలో పోయిన యూనివర్సిటీ కాలేజీని మళ్లీ నేల మీద కట్టలేదు. తాటిచెట్టంత స్తంభాలు పాతి వాటి మీద గదులు నిలబెట్టారు. కింద నీళ్లు, పైన చదువులు. పిల్లలు పడవల్లో వచ్చి లిఫ్టుల్లో పైకెక్కేవారు. ఒక భవనం నుంచి ఇంకో భవనానికి పోవాలంటే ఇనప దారులే. అన్నిట్లోకీ పెద్దది కబడ్డీ హాలుకి ఎక్కే వాలుదారి.

ఆ రోజుల్లో ఏ ఆటైనా మంచం మీద పడుకుని చూడొచ్చు. వేలు ఆడిస్తే గాలిలో తెర పరుచుకునేది. ఆటగాడి నుదుటి మీద చెమటబొట్టు కూడా కనపడేది. అయినా ఫైనల్ అంటే హాల్లోనే చూడాలి, కూత చెవిన పడాలి అనేవారు పిల్లలు. హాల్లో కుర్చీలు రెండువేలు. పిల్లలు పదివేలు. గొడవంతా అక్కడే.

మొదట్లో క్యూ ఉండేది. క్యూలో మనుషులు కాదు, చెప్పులు. తెల్లారగట్ల వచ్చి కౌంటరు ముందు జత వదిలేసి, వట్టికాళ్లతో క్లాసుకి పోయేవారు. జత ఎక్కడుంటే మనిషి అక్కడున్నట్టే. కిందటేడు ఫైనల్ నాడు ఎవడో ఒకడు ముందున్న జతని కాలితో వెనక్కి నెట్టి తన జత పెట్టుకున్నాడు. దాని మీద మాట పెరిగింది. మాట తోపులాటైంది. పార్వతీశం అనే కుర్రాడు వాలుదారి మీంచి నీళ్లలో పడ్డాడు. దొరికేసరికి ఊపిరి లేదు.

పార్వతీశం డాక్టర్ తవిటయ్య దగ్గర పరిశోధన చేసే కుర్రాడు. వాణ్ని ఒడ్డుకి తెచ్చినప్పుడు తవిటయ్య ల్యాబులోకి పోయి తలుపేసుకున్నాడు. నెలల తర్వాత బయటికొచ్చినప్పుడు ఆయన చేతిలో ఒక పళ్లెం ఉంది.

దాని పేరు తపనమాపకం. పళ్లెం మీద అరచెయ్యి పెడితే చాలు. చర్మం కింద నడిచే సన్నటి విద్యుత్తునీ, నాడినీ, చెమటనీ అందులోని సెన్సర్లు చదివి, ఆ ఆట చూడాలని ఆ మనిషికి ఎంత తపనుందో ఒక అంకెలో చెప్తాయి. దాన్ని తపనాంకం అన్నాడు తవిటయ్య. నోటితో అబద్ధమాడొచ్చు గానీ అరచేత్తో ఆడలేరు. ఎవరి తపనాంకం ఎక్కువైతే వాళ్లకే టిక్కెట్టు. వీసీ గారి చుట్టమైనా ఒకటే, పడవ తోసేవాడి కొడుకైనా ఒకటే. మనసు మారుతుంటుంది గనక, ఆట మొదలయ్యే దాకా ఎవరైనా ఎన్నిసార్లైనా చెయ్యి పెట్టి చూసుకోవచ్చు. అంకె పెరిగితే చేతి పట్టీ మీద టిక్కెట్టు వెలుగుతుంది. అప్పటిదాకా అడుగునున్నవాడిది పోతుంది. ఇంతకన్నా న్యాయం ఇంకేముంటుంది అనుకున్నాడాయన. పిల్లలు దానికి తూకపోడు అని పేరు పెట్టారు. చిన్న చిన్న ఆటలకి బాగానే పనిచేసింది. చెప్పుల వరస మాయమైంది.

ఫైనల్ వచ్చింది. ఏటి అవతలి కాలేజీతో ఆట. పొద్దు వాలగానే మొదలు.

తవిటయ్య హాలు పైనున్న అద్దాల గదిలో కూర్చున్నాడు. యంత్రం గొంతు అక్కడే పలుకుతుంది. పక్కన వీసీ బెందాళం సర్వేశ్వరరావు గారు కాఫీ తాగుతున్నారు. కింద వాలుదారి మీద, పళ్లెం దగ్గర నీలవేణి నిలబడింది. తవిటయ్య దగ్గర మిగిలిన ఒక్క శిష్యురాలు ఆ పిల్ల. ఆమె మాట ఆయన చెవిలోని గుండీలోంచి వినపడుతుంది.

మధ్యాహ్నం దాకా పిల్లలు నవ్వుతూనే వచ్చారు. టిక్కెట్టు రానివాళ్లు మళ్లీ వరసలో నిలబడ్డారు. ఈసారి వాళ్ల అంకె పెరిగింది, టిక్కెట్టు వచ్చింది. అది పోయినవాళ్లు పరుగెత్తుకుంటూ వచ్చారు. వాళ్ల అంకె ఇంకా పెరిగింది. పొద్దు పడమటికి తిరిగేసరికి నవ్వులు లేవు. దారి నిండిపోయింది. ఒకడు నీలవేణి మీదకి వంగి, "నాకు లేదన్నావు, ఆడికెలగిచ్చినావు? ఆడికి కూతంటే ఏటో తెలుసా?" అని నిలదీశాడు. తను కాదు, యంత్రం ఇచ్చిందని ఆమె చెప్పింది. యంత్రాన్ని చేసినోళ్లు మీరే కదా అన్నాడు వెనకనుంచి ఇంకొకడు.

"మాస్టారూ, కిందనుంచి ఇంకా ఎక్కుతన్నారు. రెయిలింగు నా నడుముకి గుచ్చుకుంటోంది" అంది నీలవేణి.

తవిటయ్య లేచి నిలబడ్డాడు. సరిగ్గా ఆ రెయిలింగు దగ్గరే పార్వతీశం పడింది.

"వాలుదారి ఎంతసేపు ఓర్చుకుంటుంది?" అని యంత్రాన్ని అడిగాడు.

"ఇలాగే ఎక్కుతుంటే ఆట మొదలయ్యేలోపు మూడో స్తంభం ఒరుగుతుంది" అంది యంత్రం, వాన కబురు చెప్పినట్టు.

పళ్లెం ఆపేయమని వీసీ గారు అన్నారు. ఆపితే చేతిలో టిక్కెట్టు లేనివాళ్లంతా ఒక్కసారిగా తలుపుల మీద పడతారని యంత్రం బదులిచ్చింది. వెనక్కి పొమ్మంటే మొదట కదిలేవాడు ఎవడూ ఉండడంది. అదీ నిజమే.

"అంకెలు ఇంతలా ఎందుకు పెరుగుతున్నాయి?"

"టిక్కెట్టు రానివాళ్ల అంకె పెరుగుతోంది. వచ్చిన టిక్కెట్టు పోయినవాళ్లది ఇంకా ఎక్కువ పెరుగుతోంది. ఆటగాళ్ల పేర్లు వినిపించినప్పుడు ఎవరి నాడిలోనూ మార్పు లేదు. పక్కవాడి టిక్కెట్టు కనపడినప్పుడే మారుతోంది."

తను కొలుస్తున్నది ఏమిటో అప్పుడు తెలిసింది తవిటయ్యకి. కానీ దాని గురించి బాధపడే వ్యవధి లేదు. తల ఎత్తి చూశాడు. హాలులో పైన రెండు అంతస్తులు చీకటిగా ఉన్నాయి. మళ్లీ వరదొస్తే జనం తలదాచుకోడానికి కట్టినవి. ఎనిమిదివేల మంది పడతారు. మరమ్మతు ఉందని చెప్పి వీసీ గారు ఎప్పుడూ తాళం తియ్యనిచ్చేవారు కాదు.

"పైవాటికి మరమ్మతు ఏముంది సార్?" అన్నాడు తవిటయ్య.

వీసీ గారు కప్పు కింద పెట్టారు. "ఏమీ లేదు."

"మరి?"

"అందరికీ చోటుంటే ఎవరొస్తారు తవిటయ్య గారూ?"

చెవిలో నీలవేణి ఏదో అనబోయి ఆగిపోయింది. ఇనుము కిర్రుమన్న చప్పుడు వినపడింది. తవిటయ్య ఇంక ఎవరినీ అడగలేదు. పై అంతస్తుల తలుపులు తెరవమనీ, ప్రతివాడికీ కుర్చీ ఉందని దారంతా వినపడేలా చెప్పమనీ యంత్రానికి ఆజ్ఞ ఇచ్చాడు. యంత్రం చెప్పింది. ఎవరి కుర్చీ అంకె వాళ్ల చేతి పట్టీ మీద వెలిగింది.

వాలుదారి మీద గోల ఆగిపోయింది.

"అందరికీనా?" అన్నాడొకడు.

"అందరికీనట."

"ఆడిక్కూడానా?"

"ఆడిక్కూడా."

"మరింకేటి. రూముకి పోదుం రండర్రా. పడుకుని చూసుకోవచ్చు."

మొదట వెనకవాళ్లు తిరిగారు. తర్వాత మధ్యలోవాళ్లు. నీలవేణి మీదకి వంగి నిలదీసినవాడు కూడా ఆవులిస్తూ దిగిపోయాడు. దారి ఖాళీ అయ్యేసరికి నీలవేణి రెయిలింగుని కరుచుకుని ఉంది. మణికట్టు వాచింది. ఒక కాలికే చెప్పుంది. రెండోది నీళ్లలో పోయింది. తవిటయ్య పరుగున దిగి ఆమెని కూర్చోబెట్టి, తన తువ్వాలు తడిపి మణికట్టుకి చుట్టాడు. ఆమె పక్కనే చాలాసేపు కూర్చున్నాడు.

పదివేల మందిలో హాలుకి వచ్చింది అరవైమందో డెబ్భైమందో. ఆటగాళ్లు బయటికొచ్చి, తల ఎత్తి, ఖాళీ అంతస్తులు చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొదటివాడు కూతకెళ్తే వాడి గొంతు గోడలకి తగిలి వాడికే తిరిగొచ్చింది. అంత మంచి ఆట ఆ కాలేజీ మళ్లీ చూడలేదని వచ్చినవాళ్లు చెప్పుకున్నారు.

పోతూ పోతూ వీసీ గారు తవిటయ్య భుజం తట్టారు. ప్రాణాలు కాపాడారనీ, ఆ సంగతి పై వాళ్లకి రాస్తాననీ అన్నారు. పళ్లెం మాత్రం ఇంక తీసేద్దామన్నారు. పాత పద్ధతే నయమన్నారు. తవిటయ్య సరేనన్నాడు. మనుషుల సంగతి తనకిప్పుడు తెలిసింది, ఇంక ఈ పిచ్చి తనని తాకదు అనుకుంటూ ఇంటికి పోయాడు.

మర్నాడు పొద్దున్నే పళ్లెం విప్పడానికి వచ్చాడు. కౌంటరు గోడ మీద కొత్త నోటీసు వెలుగుతోంది. శనివారం ఆఫీసు గుమస్తాల జట్టుకీ హాస్టల్ వంటవాళ్ల జట్టుకీ సరదా కబడ్డీ. చోటు యాభైమందికి మాత్రమే. ముందొచ్చినవాళ్లకి ముందు.

తవిటయ్యకి నవ్వొచ్చింది. పైన రెండు అంతస్తులూ తాళాలు తీసే ఉన్నాయని ఆయనకి తెలుసు. వంటవాళ్ల కబడ్డీ పుట్టి బుద్ధెరిగి ఆయన చూడలేదు, చూడాలనీ అనుకోలేదు.

నోటీసు కింద అప్పుడే చెప్పులు వరస కట్టాయి. ఆయన నిలబడి వాటిని చూశాడు. ఊరికే లెక్కపెట్టాడు. నలభైతొమ్మిది జతలు. వాటి చివర, యాభయ్యోదిగా, ఒంటి చెప్పు. అది ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

విప్పడానికి తెచ్చిన స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు. చెప్పులు విడిచి ఆ ఒంటి చెప్పు వెనక పెట్టాడు. ల్యాబు వైపు కొంతదూరం నడిచాడు. ఇనప దారి అరికాళ్లకి చల్లగా తగిలింది. ఆగాడు. వెనక్కి వచ్చాడు.

అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. ఆ ఒంటి చెప్పుని బొటనవేలితో మెల్లిగా వెనక్కి జరిపి, తన జత ఆ చోట పెట్టాడు.