ఐదో సీసాకు తొమ్మిదిసార్లు

పూడూరు దగ్గర ప్రణయ్ అనే పిలగాడు ద్రాక్షతోట పెట్టి వైన్ చేస్తుండు, దాని రుచులు తెలుగుల రాసేటోళ్లు కావాలంటుండు అని తెలిసి మా మనుమరాలు నాగరాణి పోతనన్నది. వికారాబాద్‌ల డిగ్రీ చదివింది గద. మందు చేసేకాడికి ఆడపిల్లను ఒక్కదాన్ని ఎట్ల పంపుత? నేను గూడ ఆటో ఎక్కిన.

మేం గొర్లు కాసేటోళ్లం. వాళ్లు భూములున్నోళ్లు. అది మనసుల పెట్టుకొనే షెడ్డుల ఓ మూలకు కూసున్న.

ప్రణయ్ గ్లాసుల జరంత ఎర్ర వైన్ పోసి ఇచ్చిండు. నాగరాణి పెదవికి తాకించకముందే నాలుగు చుక్కలు నేల మీద వొంచింది. పిలగాని మొఖం మాడిపోయింది. రెండేండ్లు కష్టపడి చేస్తే రుచన్న చూడకుండ పారబోస్తవా అన్నడు.

"పారబోయలే సార్, సాక పోసిన. ఎల్లమ్మ తల్లికి ఇయ్యకుండ మా ఇంట్ల ఎవ్వలు తాగరు."

ఆయన తన గ్లాసు గిరగిర తిప్పి, వాసన చూసి, పుక్కిలించి బకెట్ల ఉమ్మేసిండు. వైన్ రుచి చూసేటోళ్లు గట్లనే చేస్తరట.

"తల్లికి నాలుగు చుక్కలిస్తే కోపమొచ్చె. మీరు మొత్తం బకెట్‌కే ఇచ్చిండ్రు" అన్నది మా పిల్ల.

నేను కొంగు అడ్డం పెట్టుకొని నవ్విన. ఆయన గూడ నవ్విండు, జర ఆలస్యంగ.

ఆయన రాసుకున్న కాగితంల బ్లాక్‌బెర్రీ, ఓక్ కట్టె అని ఏవేవో ఉండె. గవి ఇక్కడెవరు చూసిండ్రని నాగరాణి అన్నీ కొట్టేసింది. రోజుకొక సీసా. మొదటిదానికి, ఎండకు కాలిన తాండూరు బండ మీద తొలివాన వాసన అని రాసింది. రెండోది నేరేడు పండు, వెనుక జర వగరు. మూడోది పూతకొచ్చిన కందిచేను. నాలుగోది అప్పుడే పాలు తాగొచ్చిన గొర్రెపిల్ల మూతి. మా పిల్ల చదివి వినిపించినప్పుడల్లా ప్రణయ్ సీసాను కాదు, దీన్నే చూస్తుండె. నా కండ్లు మసకే గని గంత మసక కాదు.

ఐదోదే ఆఖరుది. బెల్లం పాకం పొయ్యి మీదికెల్లి దించినప్పటి పొగ అని రాసింది. ఇంకోసారి రాయమన్నడు. మల్ల రాసింది. ఆయనది మల్ల గదే మాట. గిట్ల తొమ్మిదిసార్లు. గొర్లోళ్ల పిల్ల రాత ఆయన కంటికి ఆనుతలేదని దీనికి రోషమొచ్చింది. సోమవారం నుంచి తాండూరుల బండల పాలిష్ ఆఫీసుల పనికి పోతనని చెప్పి, కాగితాలు ఆయన ముంగట పెట్టి వచ్చేసింది. రెండు దినాలు అన్నం సరిగ తినలే. నాకు ఫికరైంది.

ఆదివారం పొద్దుగాల, తుంపర వడుతుండంగ, పెద్దేముల్‌ల మా ఇంటి ముంగట ఆటో ఆగింది. ప్రణయ్ దిగి తడుసుకుంటనే నిలబడ్డడు.

"నువ్వు మొదటిసారి రాసిందే మంచిగుండె. మంచిగుంది అంటే పనైపోతది, రేపటికెల్లి నువ్వు రావు. గందుకే అనలే" అన్నడు.

నాగరాణి గడప మీదికొచ్చింది. "గీ ముక్క చెప్పుటానికి తొమ్మిదిసార్లు రాయించిండ్రా సార్?"

"సార్ అనకు. నిన్ను చేసుకుంట. నీకిష్టమైతెనే."

నేను నడుమ దూరి, అయ్యా, మీ అమ్మ ఏమంటదని అడిగిన.

"అమ్మ ఆటోల ఉన్నది అవ్వా."

 ప్రణయ్ తల్లి గోవిందమ్మ కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని దిగి, మా పిల్లను పైనించి కిందికి చూసింది. ఇది చూపు దించలే.

"తాండూరు పని మాత్రం మానను, అత్తమ్మా" అన్నది నాగరాణి.

అత్తమ్మా అన్నంక ఇంక ఇష్టం అడిగేదేముంది. ప్రణయ్ మొఖం చూడాలె అప్పుడు.

"పో బిడ్డా, ఎవరు మానమన్నరు" అన్నది గోవిందమ్మ. ఇంట్లకొచ్చి, చెప్పకముందే నా పక్కన కింద కూసుంది. "పొద్దుగాల్నుంచి వీడు నన్ను చాయ్ గూడ తాగనియ్యలే అవ్వా. మీ ఇంట్ల ఏముంటే గది పెట్టు."

మా కాలంల భూములున్నోళ్ల ఇండ్ల ఆడోళ్లు మా చేతి నీళ్లు గూడ ముట్టకపోయేటోళ్లు. నేను జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం పెట్టిన. తుంచి తిన్నది. రెండోది తనే తీసుకున్నది.