సాగా కుడికన్ను

మధ్యాహ్నం అన్నాల వేళకి ఏటి నీళ్ళు మా ఇంటి నాలుగో మెట్టు ఎక్కాయి. పొద్దున రెండో మెట్టు దగ్గరే ఉన్నాయి.

"ఇంక చూస్తూ కూర్చుంటే లాభం లేదు. ఎత్తండి!" అన్నాడు మా అబ్బాయి జునైది.

మా ఊళ్ళో ఆ ఒక్క మాట చాలు. ఎవరేం చెయ్యాలో అందరికీ తెలుసు. పొడుగాటి గుంజల మీద ఇళ్ళు కట్టుకున్నా, కపువాస్ నదికి కోపం వస్తే నడిమింట్లోకే వచ్చేస్తుంది. అందుకే ఇంటి కప్పు కింద అడ్డదూలాలేసి, బలమైన చెక్కలు పరిచి ఉంచుతాం. బియ్యం, పొయ్యి, చాపలు, పిల్లల పుస్తకాలు అన్నీ ఆ చెక్కల మీదికి పోతాయి. కోళ్ళు ఎవరూ చెప్పకుండానే ఎక్కేస్తాయి.

ఆ రోజు అన్నిటికంటే ముందు ఎక్కింది మాత్రం చేప.

గాజుతొట్టిలో నీళ్ళు తోడేసి, ముగ్గురు మగవాళ్ళు పట్టి పైకి లేపారు. చేప ఈలోగా బకెట్లో ఉంది. మా మనవరాలు మస్తూరా బకెట్ మూత రెండు చేతులతో అదిమి పట్టుకుంది. దానికప్పుడు పదేళ్ళు.

"నానమ్మా, సాగా తల కొట్టుకుంటోంది!"

"మూత మీద తువ్వాలు కప్పు. చీకటైతే అదే ఊరుకుంటుంది."

సాగా మా ఎర్ర సిలుక్ చేప. పట్నంవాళ్ళు అరోవానా అంటారు. మా ఊళ్ళో సాగా చెట్టు గింజ ఎంత ఎర్రగా ఉంటుందో, పెద్దయ్యాక ఈ చేప అంత ఎర్రగా అవుతుందని మస్తూరాయే ఆ పేరు పెట్టింది. అప్పటికి అది నా జానెడు కంటే కాస్త పొడుగుండేది.

మా ఆయన ముప్ఫై ఏళ్ళు సిలుక్‌లు పెంచాడు. ఆయన పోయిన ఏడాదే వరదకి చేపల గుంట గట్టు తెగింది. ఉన్నవన్నీ ఊరి పక్క సరస్సులో కలిసిపోయాయి. ఇంట్లో తొట్టిలో ఉన్న ఈ చేపపిల్ల ఒక్కటే మిగిలింది. కాస్త ఎదిగాక దీన్ని మా మరిది గుంటలో అతని చేపలతో కలపాలి. అవి పిల్లలు చేస్తే మాకు మళ్ళీ గుంట. లేదంటే మా ఆయన చేపల వంశం అక్కడితో సరి.

తొట్టి చెక్కల మీద కుదిరాక నేను పాత లుంగీ ఒకటి తెమ్మన్నాను. తొట్టికి నాలుగు వైపులా చుట్టి, గట్టిగా ముడేశాను. పై భాగం ఒక్కటే తెరిచి ఉంచాను. నా కళ్ళకి అప్పటికే పొరలు కమ్మాయి. వెలుగూ నీడా తెలుస్తాయి, అంతే. ముడెయ్యడానికి వేళ్ళు చాలు.

"ఇలా కప్పేస్తే మనకి సాగా ఎలా కనపడుతుంది?" అంది మస్తూరా.

"మనకి అది కాదు, దానికి మనం కనపడకూడదు. ఈ చేప పుట్టిందే పైకి చూడ్డానికి. కొమ్మ మీంచి మిడత పడితే ఎగిరి అందుకునే జాతి. దాన్ని ఎత్తున కూర్చోబెట్టి కింద మనం తిరుగుతుంటే, రోజంతా కిందికే చూస్తుంది. చూసి చూసి కన్ను కిందికి జారిపోతుంది. ఇంక లేవదు."

"నువ్వు చూశావా ఏంటి?"

"మూడింటిని చూశాను. నాలుగోదాన్ని చూపించకు."

ఆ ఏడు వరద ఆరు వారాలు కదల్లేదు. బడి మూసేశారు. జునైది, కోడలు ఎర్ని పడవేసుకుని వలల దగ్గరికి వెళ్ళిపోయేవాళ్ళు. ఇంట్లో నేనూ, మస్తూరా. చాప మీద పడుకుని ఎంతసేపని వాన చప్పుడు వింటుంది, పదేళ్ళ పిల్ల?

రోజూ సాయంత్రం నేను అడిగేదాన్ని. "గుడ్డ కట్టే ఉందా?"

"ఉంది నానమ్మా."

నీళ్ళు దిగాక ఎర్ని ఇల్లు కడుగుతూ లుంగీ విప్పింది. చీపురు కింద పడ్డ చప్పుడు విన్నాను.

"ఏమండీ, ఇలా రండి! దీని కుడికన్ను చూడండి!"

జునైది అడుగుల చప్పుడు తొట్టి దగ్గర ఆగింది. తర్వాత, "అమ్మా, గుడ్డ సరిగ్గా కట్టావా?" అన్నాడు.

"కట్టాననే అనుకున్నాను."

"కనపడని కళ్ళతో నీకెందుకమ్మా ఆ పని? నాకు చెప్తే కట్టేవాణ్ణి కదా!"

నిజమే కాబోలు, ఎక్కడో సందు వదిలేసి ఉంటాను. నా వేళ్ళు కూడా ముసలివైపోయాయి అనుకున్నాను. ఆ మధ్యాహ్నం అన్నం సహించలేదు. మస్తూరా నా పక్కనే కూర్చుంది. అదీ తినలేదు. చేప మీద బెంగ అనుకున్నాను.

మర్నాడు చేపల సామాన్ల కొట్టు అఫుక్ వచ్చాడు. మా ఏటిపొడుగునా సిలుక్‌లకి ఏ జబ్బు చేసినా అతనే వైద్యుడు.

"ఏం పెద్దమ్మా, సిలుక్‌కి కింద సినిమా ఏమైనా వేశారా? కన్ను తిప్పుకోవడం మర్చిపోయింది!" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అతను గొంతు తగ్గించాడు.

"దీనికి ఇదే కారణమని ఎవరూ గట్టిగా చెప్పలేరు. కింద కదిలేవాటిని చూసి చూసి అంటారు. కొవ్వు తిండి ఎక్కువైతే కంటి వెనక పేరుకుని కన్నుని తోస్తుందంటారు. బెదిరి గాజుకి కొట్టుకున్నా రావచ్చు. ఏం పెడుతున్నారు?"

"మిడతలు, చిన్న రొయ్యలు," అంది ఎర్ని.

అఫుక్ తొట్టి అడుగున చెయ్యి పెట్టి ఏదో తీశాడు. "మరి ఈ కోడిచర్మం?"

జునైది నా వైపు తిరిగాడు. "అమ్మా, ఇది కూడా నువ్వేనా?"

"కళ్ళు పోయాయి గానీ మతి పోలేదురా!" అన్నాను.

అప్పుడు మస్తూరా ఏడవడం మొదలుపెట్టింది.

"నేనే నాన్నా. రోజూ గుడ్డ ఎత్తేదాన్ని. కింద పడుకుని టార్చి తిప్పితే సాగా వెంటే తిరిగేది. చర్మం ముక్కలు వేస్తే మునిగిపోయేవి. వాటికోసం కిందికి వచ్చేది. నానమ్మ అడిగితే అబద్ధం చెప్పాను." ముక్కు ఎగబీల్చింది. "అది నన్నే చూసేది నానమ్మా. నేనంటే ఇష్టమనుకున్నాను."



"కన్ను జారుతోందని నీకు ఎప్పుడు తెలిసింది?" అని అఫుక్ అడిగాడు.

"రెండో వారంలో."

"అప్పుడే చెప్పి ఉంటే..." అని ఆగిపోయాడు. "మొదట్లో అయితే కొన్నిటికి సర్దుకుంటుంది. ఇప్పుడు నేనేమీ చెప్పలేను."

జునైది మస్తూరాని కొట్టలేదు, తిట్టలేదు. వెళ్ళి పడవలో ఒక్కడే కూర్చున్నాడు. పిల్లకి అది దెబ్బకన్నా ఎక్కువైంది.

సాగాని పెద్ద నల్ల ప్లాస్టిక్ టబ్బులోకి మార్చాం. పక్కలనుంచి ఏమీ కనపడదు. అఫుక్ చెప్పినట్టు నీళ్ళ మీద నారింజ రంగు పింగ్‌పాంగ్ బంతి ఒకటి వదిలాం, దానికోసమైనా పైకి చూస్తుందేమోనని. మస్తూరా రోజూ మిడతలు పట్టి తెచ్చి పైనే తేలేటట్టు వేసేది. నెలలు గడిచాయి. సాగా ఎదిగింది. ఎడమకన్ను బంతిని చూసేది. కుడికన్ను టబ్బు అడుగునే చూస్తూ ఉండేది.

టబ్బు చాలనంత పెద్దదయ్యాక, మా మరిది గుంటలో వలకట్టి, రెండు చేపలతో కలిపి వదిలారు. బురదనీళ్ళలో కింద ఏమీ కనపడదు కదా, అక్కడైనా కన్ను లేస్తుందని జునైదికి ఆశ.

తొమ్మిదో రోజు పొద్దున మస్తూరాయే ముందు చూసింది. సాగా వల అంచున తేలుతోంది. ఎడమవైపు ఒక్క పొలుసు కూడా చెదరలేదు. గాట్లన్నీ కుడివైపే. పైనుంచి మీదికొచ్చి కొరికిన ఆ రెండు చేపల్నీ ఆ కన్ను చూడలేకపోయింది.

రబ్బరుచెట్టు కింద పాతిపెట్టాం. మస్తూరా బంతిని కూడా పెడతానంది. పెట్టనిచ్చాను.

ఆ తర్వాత వానాకాలానికి మా మరిది ఒక పిల్లచేపని ఇచ్చాడు. అది అతని చేపల బిడ్డ, మా ఆయన చేపలది కాదు. వేలెడంత. మస్తూరా దానికి పేరు పెట్టలేదు.

నీళ్ళు నాలుగో మెట్టు ఎక్కిన రోజున మళ్ళీ అన్నీ పైకి లేపారు. ఈసారి లుంగీ మస్తూరాయే చుట్టింది. రోజూ నిచ్చెనెక్కి, ఒక్కో మిడతని నీళ్ళ మీద వేసి, తొంగిచూడకుండా దిగొచ్చేసేది.

పక్కింటి పిల్ల లస్మి ఒకరోజు పడవలో వచ్చి ప్రాణం తీసింది. "ఒక్కసారి ఎత్తి చూపించవే! అసలు అందులో చేప ఉందా, లేక ఉత్త లుంగీ పెంచుతున్నారా?"

"ఉంది."

"ఏదీ మరి?"

"మిడత వేస్తాను. చప్పుడు విను."

పైన టప్పుమని నీళ్ళు చిందాయి. "అమ్మో!" అంది లస్మి. అంతకు మించి దానికేమీ దక్కలేదు.

సాయంత్రమైంది. నేను చాప మీద పడుకుని ఉన్నాను. ఆ ఏడంతా నేను గుడ్డ సంగతి అడగలేదు. అడగాలనిపించలేదు.

మస్తూరా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "లే నానమ్మా."

"ఎందుకే?"

అది నన్ను మెల్లగా నిచ్చెనెక్కించి తొట్టి దగ్గరికి తీసుకెళ్ళింది. నా వేళ్ళు తీసుకుని ముడి మీద పెట్టింది.

"చూడు," అంది.

తడిమి చూశాను. రెండు మడతల ముడి, నేను నేర్పిందే. ఎక్కడా సడలలేదు.

మర్నాడు సాయంత్రం కూడా వచ్చి నా చెయ్యి పట్టుకుంది.