గోడను చూసొచ్చిన పెండ్లికొడుకు

పురుషోత్తం పెండ్లిచూపులకు ఎల్లారెడ్డి వెళ్లి, పిల్లను తప్ప అన్నీ చూసి వచ్చాడు.

అతను కామారెడ్డి స్టేషన్‌లో పార్సిల్ గుమాస్తా. రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పటి నుంచి మిలిటరీ రైళ్లు అక్కడ నీళ్లకు ఆగేవి. సిపాయిలు చదివి పారేసే ఒక పత్రిక ఉండేది. ఫౌజుల కోసమే ఉర్దూలో అచ్చయ్యేది. నిండా బొమ్మలు. బయట కొందామన్నా దొరకదు. దాన్ని ప్లాట్‌ఫారం మీద ఏరుకొచ్చి, నంబర్ల వరుసన ట్రంకుపెట్టెలో దాచేవాడు. తల్లి సాలవ్వ ఆ పెట్టెను, కొడుకు ఎక్కడినుంచో తెచ్చి ఇంట్లో పెట్టుకున్న ఆడమనిషిని చూసినట్టు చూసేది.

ఆ శ్రావణంలో పిల్ల తండ్రి సిద్దిరాములు ఇంటి ముందరి గదిలో కూర్చోగానే పురుషోత్తం చూపు గోడకు అతుక్కుంది. గోడ నిండా అదే పత్రిక. ఇసుక, డేరాలు, ఫిరంగులు. ఒక ట్యాంకు బొమ్మ మూలన ఉన్న నంబరు, తన పెట్టెలో లేని ఒకే ఒక్క నంబరు.

పిల్ల రాజమణి చాయ తెచ్చి ముందు పెట్టింది. అది చల్లారింది.

"ఏం బాబు, చూసినవా?" అన్నాడు సిద్దిరాములు.

"చూసిన కాకా. శానా బాగున్నది. గాని గట్టిగ అంటిచ్చిండ్రు. ఊడదీస్తే చినుగుతదేమో."

సాలవ్వ కళ్లు మూసుకుంది. తలుపు వెనక నుంచి రాజమణి గొంతు మెల్లగా వినిపించింది.

"అవ్వా, పుస్తె ఆ గోడకే కట్టుమను."

సంబంధం అక్కడే తెగింది.

తరువాతి శుక్రవారం, జుమ్మా సెలవు నాడు అతను బొగ్గు గ్యాసుతో నడిచే బస్సెక్కి మళ్లీ ఎల్లారెడ్డి వచ్చాడు. ఎత్తు వచ్చిన చోటల్లా దిగి, తక్కినవాళ్లతో పాటు బస్సును తోశాడు. రాజమణి తల్లి గంగామణి అరుగు మీద బియ్యం చెరుగుతోంది. రాజమణి గడపలో నిలబడింది.

"మాఫీ అడుగుదామని వచ్చిన," అన్నాడు.

"మరి సంచిల ఏంది?" అంది రాజమణి.

పురుషోత్తానికి అబద్ధం చేతకాదు. "నా దగ్గర రెండేసి ఉన్న పత్రికలు. ఇవి తీసుకొని ఆ ట్యాంకు బొమ్మ ఇస్తరేమోనని."

గంగామణి చేతిలో చాట ఆగింది. రాజమణి మాత్రం కోప్పడలేదు.

"నీ దగ్గర శానా ఉన్నయా?"

"మొదటికెల్లి అన్నీ. ఇదొక్కటే లేదు."

"మా అన్న హన్మంతు మిసర్ల, గదే ఈజిప్టుల, ఫౌజుల ఉన్నడు. తను చదివినంక మాకు పంపేటోడు. అన్న బొమ్మ పడ్తదేమోనని అన్నీ గోడకు అంటిచ్చి చూస్తున్న. ఎండకాలం నుంచి జాబు లేదు, పత్రిక లేదు." ఆమె గొంతు తగ్గింది. "నీ పెట్టెల ఎందరో ఫౌజీలుంటరు గద. అండ్ల మా అన్న ఉన్నడేమో చూస్తవా?"

ఇన్నేళ్లూ అతను నంబరు చూశాడు, తేదీ చూశాడు, పిన్ను తుప్పు పట్టిందా అని చూశాడు. లోపల మనుషులున్న సంగతి ఇప్పుడే తెలిసినట్టయింది.

"ఎట్లుంటడు మీ అన్న?"

"నా తీర్గనే అంటరు. నన్ను చూడు."

చూశాడు. కనుబొమల మధ్య చిన్న ముడత. ముక్కు కొసన చెమట. చూస్తుంటే బయట చినుకులు మొదలయ్యాయి.

"చాలు. ఇంటికి పోయేదాక యాదికుంటదా?"

"అనుమానమే. ఇంకింత సేపు చూడాలె."

చాట చప్పుడు ఈసారి గట్టిగా వినిపించింది.

ఆ రోజు నుంచి అతను వెతకడం మొదలుపెట్టాడు. సెలవు దొరికిన ప్రతి జుమ్మాకూ ఎవరో ఒక ఫౌజీ ముఖం బొమ్మతో ఎల్లారెడ్డి వచ్చేవాడు. పేజీ మడిస్తే ముఖం నలుగుతుందని కత్తెర పట్టాడు. ఒక్క నంబరు లేదని నిద్రపోనివాడి పత్రికలన్నీ చిల్లులు పడ్డాయి.

"గీయనకు గడ్డమున్నది," అంది రాజమణి ఒకసారి. "సర్దార్జీ."

"గడ్డం తీసేస్తే కండ్లు నీయే."

"గీయన గూర్ఖా."

"నవ్వు నీ తీర్గ లేదా?"

"నీకు కనబడ్డోల్లందరు నా తీర్గనే ఉన్నరా ఏంది?" అని నవ్వింది. నవ్వినా, ఆ బొమ్మను కాసేపటిదాకా చేతిలోంచి వదల్లేదు.

దసరా పోయింది. దీపావళి కూడా పోయింది. ఒక పొద్దున కామారెడ్డిలో రైలు దిగిన ఫౌజీ ఒకడు పార్సిల్ ఆఫీసు ముందు పెద్ద గొడవ పెట్టుకున్నాడు. నల్లటి గుండ్రటి ముఖం, పొదలాంటి మీసాలు. రసీదు లేదని పురుషోత్తం అతని పెట్టెను ఆపాడు.

"లడాయి నుంచి వచ్చినోన్ని ఆపుతవా?"

"లాటుసాబు వచ్చినా ఆపుత. రసీదు చూపియ్యి."

ఫౌజీ జేబులన్నీ దులిపి, చివరికి బూటులోంచి రసీదు తీశాడు.

వచ్చిన జుమ్మా నాడు సిద్దిరాములు ఇంట్లో మంచం మీద అదే మీసాలు కనిపించాయి.

"మా అన్న," అంది రాజమణి.

పురుషోత్తం ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "నీ తీర్గ ఎక్కడున్నడు?"

"చిన్నగున్నప్పుడు ఉండేటోడు."

హన్మంతు నవ్వాడు. "నాకోసం బొమ్మలు దేవులాడుతున్నది నువ్వేనా? ఎందుకు తమ్మీ? నేను దవాఖానల మంచిగున్న, సెలవు మీద వస్తున్ననని లింగంపేట దోస్తుతోని కబురు పంపిన గద. దసరాకు ముందే వచ్చి చెప్పిండట."

పురుషోత్తానికి దసరా తరువాత తను కత్తిరించిన ముఖాలన్నీ కళ్ల ముందు తిరిగాయి.

"నీకు ఎరుకేనా?" అన్నాడు రాజమణితో.

"ఎరుకే."

"మరి నాకెందుకు చెప్పలే?"

ఆమె కొంగు అంచు వేలికి చుట్టుకుంది. "చెప్తే నువ్వు మల్ల ఎందుకొస్తవు?"

ఊడదీస్తే చినిగేవి మనసులో కూడా కొన్ని ఉంటాయని పురుషోత్తానికి తోచింది.

సిద్దిరాములు గొంతు సవరించుకుని కొడుకు వైపు చూశాడు. హన్మంతు మీసం దువ్వుకున్నాడు.

"రసీదు లేకుంట నా పెట్టెనే ఇయ్యలేదు బాపు. పిల్లను కూడ గట్లనే జాగ్రత్తగ చూసుకుంటడు. ఇచ్చేయి."

గంగామణి అప్పటికే అందరి నోరు తీపి చేయడానికి బెల్లం వెతుకుతోంది.

బస్సు హారన్ మోగింది. పురుషోత్తం లేచాడు. రాజమణి గడప దాకా వచ్చింది.

"వచ్చే జుమ్మాకు వస్త," అన్నాడు.

"ఇంకెవ్వలి బొమ్మ తెస్తవు?"

"ఏం తేను. ఊకెనె వస్త."

ఆమె కాసేపు అతన్నే చూసింది.

"అయితే పొద్దుగాల బస్సుకే రా," అంది.