ఏడో డబ్బా

పోయింది ఒకటే డబ్బా. ఏడో నంబరుది.

1964 ఫిబ్రవరి 22, ఉదయం 10.10. హెడ్ కానిస్టేబుల్ మాల్యాద్రి ఇసుకలో సైకిలు నెట్టుకుంటూ బోగోలు పోలీసు స్టేషను నుంచి పట్టపుపాలెం చేరాడు. రిటైర్మెంటుకి ఇంకా ఏడాది ఉంది. మోకాళ్ళు మాత్రం ఎప్పుడో రిటైరయ్యాయి.

"ఏం పోయింది?"

"రీలు సార్," అన్నాడు గంగాధరం. కావలిలో బడిపంతులు. సముద్రం మీద బతికేవాళ్ళ గురించి ఇరవై నిమిషాల సినిమా తీస్తానని, అరువు కెమెరాతో వచ్చి ఈ పాకలో దిగాడు. "ఆ రీలు లేకపోతే సినిమానే లేదు. మళ్ళీ తీయలేను."

పాకలో ట్రంకు పెట్టె తెరిచి ఉంది. అందులో గుండ్రటి రేకు డబ్బాలు ఒకదానిమీద ఒకటి. ఒక్కోదానిమీద ఒక అంకె. పక్కనే ఇంకా వాడని కొత్త రీళ్ళు.

"బజారులో అమ్ముడుపోయేవి ఏవి?"

"కొత్తవే. వాడేసిన రీలు ఎవరికి కావాలి?"

కొత్తవాటిని ఎవరూ ముట్టుకోలేదు. అంటే అమ్ముకునే దొంగ కాదు.

"ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"పొద్దున ఆరుకి. కెమెరా తీసుకుని అందరం ఒడ్డుకి పోయాం. ఏడున్నరకి వచ్చేసరికి లేదు."

కెమెరామన్ క్రీస్తురాజు నిన్ననే గంగాధరంతో గొడవపడి వెళ్ళిపోతానన్నాడట. నెల్లూరు నాటకాల నటి కరుణాకుమారి 6.40కి తలనొప్పని పాకకి వచ్చి వెళ్ళిందట. ఇద్దరూ ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటున్నారు.

మాల్యాద్రి డబ్బాలు ఒక్కొక్కటే తిప్పి చూశాడు. ఎనిమిదో డబ్బా దగ్గర ఆగాడు. దాని అడుగున పసుపుపచ్చ మరక. గోటితో గీకి చూశాడు, పసుపు వాసన.

"నీ మేకప్పా అమ్మా?"

"మేకప్పులో పసుపుకొమ్ము ఎందుకుంటుందండీ?" అంది కరుణాకుమారి విసుగ్గా.

"ఏడో డబ్బా మీద ఎనిమిదోది ఎప్పుడు పెట్టారు?"

"పన్నెండో తారీకున," అన్నాడు క్రీస్తురాజు. "ఏడోది పొద్దున ఎనిమిదిన్నరకి సీలు చేశాను. ఎనిమిదోది మధ్యాహ్నం పన్నెండుకి."

"ఏడులో ఏముంది?"

"ముత్యాలయ్య తెప్ప మీద అల దాటే షాటు."

"పిలవండి అతన్ని."

క్రీస్తురాజు చెప్పాడు. "లేడు సార్. ఆ రోజే, రెండో టేకులో తెప్ప తిరగబడింది. శవం దొరకలేదు."

"ఎన్నింటికి?"

"ఎనిమిదికి."

"ఎనిమిదో డబ్బా పన్నెండుకి సీలు చేశానన్నారు. మనిషి పోయాక కూడా తీశారా?"

"లైటు బాగుంది సార్," అన్నాడు గంగాధరం, నేలచూపులు చూస్తూ.

మాల్యాద్రి ట్రంకు పక్కన కూలబడ్డాడు. మనిషి పోయి పది రోజులైనా స్టేషనుకి కబురు లేదు. రేకు డబ్బా పోతే గంటలో వచ్చింది. ఒకప్పుడైతే కోపం వచ్చేది. ఇప్పుడు అలసటే వచ్చింది.

"మీకు వంట ఎవరు చేస్తారు?"

"ముత్యాలయ్య భార్య గురవమ్మ చేసేది. ఆ రోజు నుంచి రావడం లేదు. ఇవాళ వాళ్ళింట్లో పదకొండో దినం."

11.30కి అందరూ ఒడ్డున ఉన్నారు. తెప్పలకి కాస్త ఎగువగా చిన్న ఇసుక దిబ్బ, దానిమీద వాడని పూలు. పక్కన గురవమ్మ కూర్చుని ఉంది. నుదుట బొట్టు లేదు.

"మీరంతా అంకెలు చదవగలరు," అన్నాడు మాల్యాద్రి. "చదివేవాళ్ళకి గుర్తు అక్కర్లేదు. ఏడో డబ్బా మీద పసుపు పెట్టుకున్న మనిషికి లోపల ఎవరున్నారో తెలుసు, పైన రాసింది చదవడం తెలీదు. పసుపు తడి ఆరకముందే ఎనిమిది దానిమీద పడింది. అంటే ఆ రోజే పెట్టింది. అవునామ్మా?"

"నేనే సార్," అంది గురవమ్మ. "ఆ పూటకి నాకు పసుపు ఇంకా ఉండింది. అందుకే పెట్టుకున్నా."

"మరి ఇవాళ దాన్ని ఎందుకు తీసినావు?"

"సముద్రం మనిషిని ఇయ్యలా. ఉత్త గుంట ఎట్ట పూడ్చేది? అల పెద్దదిగా ఉండాది, రెండోసారి పోనన్నాడు మా ఆయప్ప. ఒక్కసారి పోరా, ఈ డబ్బాలో ఉండిపోతావు, నీకు చావే లేదు అన్నాడు ఈ సారు. డబ్బాలో ఉన్నాడు గదా అని, ఆణ్ణే పూడ్చుకున్నాం."

"తెరిచావా?" గంగాధరం ఆత్రంగా అడిగాడు.

"లేదు సార్. వెలుతురు తగిలితే బొమ్మ పోతదని మీరే అన్నారు గదా."

అంటే రీలు బాగానే ఉంది. మూడడుగుల లోతులో, చెక్కు చెదరకుండా. గంగాధరం పరుగున పోయి పార తెచ్చాడు.

గురవమ్మ పక్కకి జరిగింది.

"తవ్వుకోండి సార్, అడ్డం రాను. రెండోసారి పూడ్చే ఓపిక మాత్రం నాకు లేదు. ఆ పని మీరే చెయ్యాల."

పార దిబ్బ అంచున దిగబడింది. అక్కడే ఆగిపోయింది. చాలాసేపటికి గంగాధరం దాన్ని పైకి లాగి దూరంగా పడేసి, ఇసుకలో కూర్చున్నాడు.

"కంప్లయింట్ ఏం చేయమంటారు?" అడిగాడు మాల్యాద్రి.

"చింపేయండి. ఇంకోటి రాసుకోండి."

మాల్యాద్రి కొత్త కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు. "పోయింది?"

"ముత్యాలయ్య."

"ఎప్పుడు?"

"పన్నెండో తారీకు. ఉదయం ఎనిమిది."

"ఎలా?"

గంగాధరం ముఖం చేతుల్లో దాచుకున్నాడు. "పోనంటున్నా వినకుండా రెండోసారి పంపింది నేను. అది కూడా రాయండి."

మాల్యాద్రి రాశాడు. గురవమ్మ లేచి వచ్చి కాగితంలోకి వంగి చూసింది.

"మా ఆయప్ప పేరు ఏడ రాసినారు సార్?"

మాల్యాద్రి చూపించాడు. ఆమె వేలు పెట్టి తడిమింది. సిరా ఇంకా ఆరలేదు, వేలికి అంటుకుంది. ఆమె తుడుచుకోలేదు.