నేలానిందా?

ఉదయం ఆరున్నర గూడ్సు బండి వెళ్లేటప్పుడు కంచరపాలెంలో పట్టాల పక్క ఇళ్లన్నిట్లో గిన్నెలు మోగుతాయి. ఆ మోతలోనే దేముడమ్మ రాగిపిండితో చోడి అంబలి కాచి, ఉల్లిపాయ కోసి గ్లాసు పక్కన పెట్టింది. పెరట్లో మొహం కడుక్కుంటున్న మొగుడు నీలకంఠానికి అంబలి కావాలి. ఇంకొకరైతే అక్కణ్నించే ఒక కేక పెట్టేవారు. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ గుమ్మం దాటి, నడవ దాటి, వచ్చి ఆవిడ వీపు వెనక నిలబడ్డాడు.

"ఓలమ్మో!" అని ఉలిక్కిపడింది దేముడమ్మ. "ఒక్క కేకేస్తే నీ సొమ్మేటి పోతాదయ్యా? పిల్లిలాగొచ్చి ఎనకాల నిలబడతావు. ఒకనాడు నా గుండాగిపోతాది సూడు."

నీలకంఠం నవ్వి గ్లాసు అందుకున్నాడు. పదకొండేళ్లుగా ఇదే వరస. ఆయన ఎవరినీ కేకేసి పిలవడు. రిక్షా దాటిపోతుంటే వెనకాల పరిగెత్తుతాడే గానీ నోరెత్తడు. విశాఖ రేవులో మాంగనీసు ఖనిజం బుగ్గి పీల్చి గొంతు పాడైందని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. ఆయనా కాదనలేదు.

ఒకప్పుడు అదే గొంతుకి రేవంతా పేరు. పద్మనాభం ఊళ్లో పొలం పనులు వదిలి వచ్చి కళాసీగా చేరిన నీలకంఠం, కొన్నాళ్లకే పాట చెప్పేవాడయ్యాడు. బరువైన పెట్టెను తాళ్లతో ఎత్తాలంటే పదిమంది ఒక్కసారిగా లాగాలి. ఒక్కసారిగా లాగాలంటే ఒకడు పాట చెప్పాలి. అతను ఒక మాట అంటాడు, మిగతావాళ్లు హైలెస్సా అంటూ లాగుతారు. ఎత్తేటప్పుడు నవ్వులూ ఎకసెక్కాలూ ఎన్ని ఉన్నా, దింపేటప్పుడు మాత్రం ఒక కట్టుబాటు ఉండేది. పాట చెప్పేవాడు "నేలానిందా?" అని అడగాలి. బరువు పక్కన నిలబడ్డవాడు కళ్లారా చూసి "ఆనింది" అనాలి. ఆ మాట చెవిన పడేదాకా ఎవరూ తాడు వదలకూడదు. ఆ జట్టులో "ఆనింది" అని చెప్పేవాడు ఎల్లారావు. దేముడమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు.

డెబ్బై ఐదులో ఒక పెట్టె దింపుతుండగా తాడు జారింది. పెట్టె మీద పడి ఎల్లారావు పోయాడు. తాడు జారిందనే కాగితాల్లోనూ రాశారు. ఆ తర్వాత నీలకంఠం పాట మానేశాడు, గోడౌను కాపలాకి మారాడు, నోరు విప్పకుండానే రిటైరయ్యాడు.

ఎల్లారావు సరదా మనిషి. ఒక విదేశీ నావికుడి దగ్గర టేప్ రికార్డరు కొని, దాన్ని చంటిపిల్లలా చంకనేసుకుని తిరిగేవాడు. ఒకనాడు రేవులో తమ జట్టు పాట దానిలో ఎక్కించాడు. ఎల్లారావు పోయాక ఆ రికార్డరూ, ఆ క్యాసెట్టూ మేనల్లుడికి, అంటే దేముడమ్మ కొడుకు గురునాథరావుకి వచ్చాయి. అతని బతుకు ఆ రికార్డరుతోనే ముడిపడిపోయింది. ఇంటి ముందుగదిలో రికార్డింగ్ సెంటర్ పెట్టాడు. గోడలకి గోనెసంచులు కొట్టాడు. ఎనిమిదేళ్లుగా పెళ్లివాళ్లకీ, లారీవాళ్లకీ ఎవరెవరివో పాటలు ఒక టేపులోంచి ఇంకో టేపులోకి ఎక్కించి ఇస్తున్నాడు. తనదంటూ ఒక్క పాట లేదు. ఆ వెలితి భార్య కనకరత్నానికి తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేదు.

కిందటేడు ఒక ఓడ మనిషి నకలు తీయమని ఒక క్యాసెట్టు ఇచ్చి వెళ్లాడు. అందులో రాగం లేదు. దరువు మోగుతుంటే ఒక మనిషి తాళం తప్పకుండా మాటలు చెబుతున్నాడు. గురునాథానికి ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ ఒళ్లు జలదరించింది. "రత్నం, ఇది మా అయ్య రేవులో సేసిన పనే కదేటి!" అన్నాడు.

అప్పట్నించీ తిండి మీద ధ్యాస లేదు. ఒక డెక్కులో మావయ్య టేపు, రెండో డెక్కులో కొత్త టేపు. "బరువొచ్చె పట్టరో, హైలెస్సా" అనే ముక్క ఎక్కించి ఆపడం, వెనక్కి తిప్పి మళ్లీ అదే ముక్క అతికించి దరువు కట్టడం. వెంట్రుకవాసి తేడా వస్తే మొదటికొచ్చేవాడు. ఇంట్లో పెద్దవాళ్లకి తెలియకుండా చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని చేశాడు. మైకులో మాటలు ఎక్కించేటప్పుడు రైలు గేటు పడితే, కిటికీ దగ్గర నిలబడ్డ రత్నం చెయ్యెత్తేది, మైకు ఆపేవాడు. పక్కవీధి లారీ డ్రైవరు నూకాలు చేత ఆ దరువు మీద ఊరి కబుర్లు చెప్పించాడు. మార్కెట్లో ఒక క్యాసెట్ల షాపాయన కొంచెం విని, ఆదివారం వచ్చి టేపు తీసుకెళ్తానన్నాడు. అట్ట మీద "నిర్మాత: గురునాథరావు" అని అచ్చు వేయిస్తానన్నాడు. ఆ మాట గురునాథం ఎన్నిసార్లు తలుచుకున్నాడో లెక్కలేదు.

ఆ ఉదయం, గురువారం నాడు, తండ్రి అంబలి తాగుతుండగా, పెద్ద స్పీకరు నడవలోకి తిప్పాడు.

"అయ్యా, ఇది ఇను. నీకోసమే సేసినాను."

దరువు మొదలైంది. పదకొండేళ్ల కిందటి నీలకంఠం గొంతు ఇల్లంతా నిండింది. "బరువొచ్చె పట్టరో!" వెనకాలే పదిమంది హైలెస్సా. అందరికంటే పైన, కొంచెం బొంగురుగా, ఎల్లారావు గొంతు. దేముడమ్మ చేతిలో గరిటె జారిపోయింది.

"ఓరి నాయనో! నా తమ్ముడురా! నా తమ్ముడి గొంతురా!" అంటూ స్పీకరు ముందు కూలబడింది.

గురునాథం తండ్రి మొహంలోకి చూశాడు, ఆనందం కనిపిస్తుందని. నీలకంఠం అరచేతులు రెండూ తాడు పట్టినట్టు బిగుసుకున్నాయి. కాళ్లు ఎడంగా పెట్టి, ఒళ్లు వెనక్కి వాల్చి నిలబడ్డాడు. మళ్లీ అదే పిలుపు, మళ్లీ అదే లాగుడు. ఎంతసేపటికీ బరువు పైనే ఉంది. ఆయన మెడనరాలు ఉబ్బాయి, చెమట పట్టింది. ఇక ఆగలేక వెళ్లి వైరు పీకేశాడు.

"దింపుడేదిరా?"

"ఏటయ్యా?"

"ఎత్తినావు, పట్టినావు. దింపుడేది? ఇది బయటకెల్లకూడదు."

గురునాథం తండ్రి ముందుకొచ్చాడు. "ఎనిమిదేళ్లు, అయ్యా! ఎనిమిదేళ్లు ఊరోల్ల పాటలు మోసినాను. నాదని ఒకటి సేసుకుంటే ఆపీమంటావా? నీ గొంతు ఊరంతా ఇంటాదని, నువ్వు మురిసిపోతావని..."

"ఆపీయ్ అన్నాను."

"నాను ఆపను!"

ఆ ఇంట్లో తండ్రికి కొడుకు ఎదురు చెప్పడం అదే మొదలు. రత్నం మధ్యకొచ్చింది. "మావయ్యగారూ, ఆయన రాత్రీ పగలూ కష్టపడ్డారండీ. ఏం తప్పుందో చెప్తే మారుస్తారు కదా?"

దేముడమ్మ కన్నీళ్లతోనే లేచింది. "మార్సడాలు నేవు. ఎయ్యరా మళ్లీ. నా తమ్ముడి గొంతు నాను ఇంటే నీకేటి అడ్డమయ్యా? తాడు జారితే నువ్వేటి సేస్తావు, నానేటి సేస్తాను! ఆ గొంతైనా మిగిలింది, ఇననీయ్!"

నీలకంఠం గోడకి ఆనుకున్నాడు. చివరికి మాట వచ్చింది.

"తాడు జారనేదే దేముడూ."

నీలకంఠం చూపు నేల మీద పెట్టి చెప్పుకొచ్చాడు.

"ఆయాల దింపుడు నానే సెప్తన్నాను. మెల్లగా, మెల్లగా అన్నాను. బుగ్గి గొంతుకడ్డం పడి దగ్గొచ్చీసింది. పాట తెగిపోనాది. ఆనీసింది గావాలనుకుని సగం మంది తాడొగ్గీసినారు. సగం మంది పట్టుకునున్నారు. పెట్టె ఒరిగిపోనాది. నీ తమ్ముడు నాకేసి సూసి 'బావా' అన్నాడు. అంతే. జట్టోల్లంతా నన్ను కాసుకుని తాడు జారిందని సెప్పినారు. నానూ ఊరుకున్నాను."

దేముడమ్మ ఆయన్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "పదకొండేళ్లు. ఒక్కనాడు సెప్పాలనిపించనేదా?"

"సెప్తే ఒగ్గీసి ఎల్లిపోతావని బయమేసింది."

ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. కింద పడ్డ గరిటె తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. తిట్టి ఉంటేనే బాగుండేదని నీలకంఠం అనుకున్నాడు.

ఆ రోజంతా కంచంలో అన్నం పెట్టిందే గానీ ఒక్క మాట పెట్టలేదు. మర్నాడూ అంతే. ఎన్ని గిన్నెలు మోగినా ఇల్లు మూగబోయినట్టే ఉంది.

గురునాథం ఆ టేపు తీసి బీరువాలో బట్టల కింద పెట్టేశాడు. కోపం ఎప్పుడో పోయింది. తండ్రి అన్నేళ్లు మోసినదాన్ని తను దరువు కోసం ముక్కలు చేసి మళ్లీ ఆయన నెత్తిన పెట్టానే అని లోపల కుమిలిపోయాడు. శుక్రవారం సాయంత్రం అరుగు మీద తండ్రి పక్కన కూచున్నాడు.

"అయ్యా, అది పంపనులే. ఆదివారం ఆయనొస్తే నేదని సెప్పెస్తాను."

"పంపొద్దని కాదురా." నీలకంఠం పట్టాల వైపు చూస్తున్నాడు. "పాట ఇన్నోల్ల సేతుల్లో బరువెట్టేసి మనం ఎల్లిపోకూడదు. అదీ నాను సెప్పింది. దింపి పంపు."

"దింపుడు అందులో నేదయ్యా. మావయ్య టేపు అక్కడితో అయిపోనాది."

నీలకంఠం చీకటిపడేదాకా అలాగే కూచున్నాడు.

శనివారం పొద్దున్న ఆయన బావి చాంతాడు భుజాన వేసుకుని రికార్డింగ్ గదిలోకి వచ్చాడు. పెరట్లో రుబ్బురోలు చూపించి, "అది లోపలికి తేరా" అన్నాడు.

"ఎందుకయ్యా?"

"సేతిలో బరువు నేకపోతే నాకు గొంతు రాదు."

ఇద్దరూ కలిసి రోలు దొర్లించుకొచ్చారు. తాడు దూలం మీంచి వేసి, రోలుకి కట్టి, మనిషెత్తు పైకి లాగారు. తాడు కొస తండ్రి పట్టుకున్నాడు, ఆయన వెనక కొడుకు పట్టుకున్నాడు. మైకు ముందుకి జరిపి రత్నం కిటికీలోంచి చూసింది. "గేటు తీశారండీ. ఇప్పట్లో బండి లేదు." రికార్డు మీట నొక్కింది.

నీలకంఠం కళ్లు మూసుకున్నాడు. మొదటి పిలుపు సగంలోనే వణికింది. రెండోది నిలబడింది. "మెల్లగా దింపరో, హైలెస్సా! మనోడున్నాడు కిందరో, హైలెస్సా!" గురునాథం తాడు జానెడు జానెడు వదులుతూ బదులిస్తున్నాడు. అతని కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. రోలు సగం దిగింది.

అప్పుడే దగ్గు వచ్చింది. గొంతు పూడుకుపోయింది. ఒకటి, రెండు, ఆగకుండా. నీలకంఠం మొహం నల్లబడింది. ఆ పాత రోజే వచ్చి ఎదుట నిలబడినట్టు భయంతో కళ్లు పెద్దవి చేసి, "పాట... పాట తెగిపోనాది" అన్నాడు. తాడు ఆయన చేతుల్లో జారసాగింది. వెనక గురునాథం ఒక్కడివల్లా కావడం లేదు.

గుమ్మంలోంచి ఒక చెయ్యి వచ్చి ఇద్దరి మధ్యా తాడు పట్టుకుంది.

"మెల్లగా దింపరో!" అంది దేముడమ్మ. పాట రాదు ఆవిడకి, కేకే వచ్చింది. "హైలెస్సా అనరా! నోరు పడిపోనాదేటి?"

"హైలెస్సా!" అన్నాడు గురునాథం.

ఇంకో జానెడు. ఇంకో జానెడు. దగ్గు తెరిపిచ్చింది. నీలకంఠం ఊపిరి కూడదీసుకుని, పదకొండేళ్లుగా అడగలేకపోయిన మాట అడిగాడు.

"నేలానిందా?"

చెప్పాల్సినవాడు లేడు. రత్నం చెయ్యి మీట మీదే ఉంది. దేముడమ్మ వంగి రోలు కింద నేల చూసింది. తడిమి మరీ చూసింది. అప్పుడు మొగుడి వైపు తిరిగింది. మూడు రోజులుగా ఆపుకున్నదంతా ఆ గొంతులో పడింది.

"ఆనింది. ఆనీసిందయ్యా. తాడొగ్గీయ్."

ఆయన వేళ్లు విడలేదు. ఆవిడే ఒక్కొక్క వేలూ విప్పింది. చివరి వేలు విడగానే నీలకంఠం ఆవిడ భుజం మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడా ఏడ్చింది, తమ్ముడికోసం కొంత, ఇన్నేళ్లూ పక్కనే ఒంటరిగా బతికిన ఈ మనిషికోసం కొంత.

కాసేపయ్యాక రత్నం మెల్లగా అడిగింది. "ఏవండీ, టేపులో దగ్గు కూడా పడింది. మళ్లీ ఎక్కిద్దామా?"

"వొద్దు," అన్నాడు గురునాథం. "దగ్గుతోనే ఉండనీ."

ఆదివారం షాపాయన వచ్చి టేపు పట్టుకెళ్లాడు. గురునాథం ఆ తర్వాత చాలా క్యాసెట్లే తీశాడు. డప్పులవాళ్లవీ, స్టీల్ ప్లాంట్ కట్టడానికి వెళ్లిన కూలీలవీ ఎన్నో గొంతులు దరువు మీదికి ఎక్కించాడు. ఎవరి గొంతు పట్టినా, వాళ్లిళ్లకెళ్లి ముందు వాళ్లకే వినిపించేవాడు. "ఎక్కడైనా సగంలో ఒగ్గీసినానా?" అని అడిగి, వాళ్లు చాలన్నాకే బయటికి పంపేవాడు.

షాపాయన టేపు పట్టుకెళ్లిన మర్నాడు, సోమవారం పొద్దున్న గూడ్సు బండి వెళ్లింది. గిన్నెలు మోగాయి. మోత ఆగేలోపే పెరట్లోంచి ఒక కేక వచ్చింది. వీధి చివర టీ బడ్డీ దాకా వినపడిందని తర్వాత చెప్పుకున్నారు.

"దేముడూ! అంబలి ఏదే!"

పొయ్యి ముందు దేముడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత కళ్లు తుడుచుకుని, గొంతెత్తి అరిచింది.

"తెత్తన్నానయ్యా! నానేటి సెవిటిదాన్నా?"