గాడి వల్ల రక్తం రాదు

పొద్దున్నే ఆ ఇంట్లో ముందు లేచేది అత్తగారి నోరు. మనిషి తర్వాత లేస్తుంది. ఆ రోజూ వంటింట్లో కూర్చుని టమాటాలు తరుగుతూ మొదలుపెట్టింది.

"ఎనిమిదన్నా కాలేదు, ఆవిడగారు అప్పుడే కత్తులు దూయడానికి కూర్చున్నారు. టీ అయినా తాగిందో లేదో!"

"తాగానత్తయ్యా," అంది గదిలోంచి కోడలు.

ఈ కోడలి ఉద్యోగం ఏమిటో చుట్టాలకు చెప్పబోతే అత్తగారికి తలప్రాణం తోకకొచ్చేది. కంప్యూటర్ ఆటల్లో ఆయుధాలు తయారుచేస్తుందా పిల్ల. వెనకటి సైనికులు పట్టిన కత్తులూ బల్లేలూ గదలూ పుస్తకాల్లో వెతికి, మాయలూ రాక్షసులూ ఉండే ఆటకి తగ్గట్టు మలుస్తుంది. దెబ్బ తగిలితే సరిపోదు. ఒక ఆయుధం తగిలితే విషమెక్కాలి, ఒకటి తగిలితే ఒళ్లు గడ్డకట్టాలి, ఇంకోటి తగిలితే రక్తం ఆగకుండా పోవాలి. పడ్డవాడి తల మీద చిన్న గుర్తు వెలుగుతుంది. వాటిని స్టేటస్ ఎఫెక్ట్లంటారు. అత్తగారు మాత్రం పీడలంటుంది. "మా కోడలు పీడలు తయారుచేస్తుంది" అని పక్కింటావిడతో అననే అంది.

ఆ సాయంత్రం అయిదింటికి కోడలికి గండం. ఆమె చేసిన వంకీ కత్తి అప్పటికి రెండుసార్లు తిరిగొచ్చింది. చూడ్డానికి బాగుంది గానీ చేతికి అబద్ధంలా ఉందని పై అధికారి రాశాడు. మూడోసారీ కాదంటే కాంట్రాక్టు అయిపోయినట్టే. అప్పుడు ఆడపడుచు మాట్లాడిపెట్టిన స్కూలు ఆఫీసు ఉద్యోగంలో సోమవారం చేరిపోతానని అత్తగారికి మాటిచ్చింది. ఇచ్చిందే గానీ, మనసు మాత్రం ఈ కత్తుల మీదే ఉంది.

మామగారు నలభై ఏళ్లు కత్తులు చేసిన కమ్మరి. చేతులు వణకడం మొదలై, రెండేళ్ల కిందట కొలిమి మూసేశాడు. అప్పట్నుంచి పది అడిగితే ఒకటి చెప్పడమే. కోడలి గది గుమ్మం మాత్రం ఒక్కసారీ దాటలేదు. ఆయనకీ ఈ పని గిట్టదని ఇంటిల్లిపాదీ అనుకున్నారు.

పదింటికి అత్తగారు చేతులు తుడుచుకుంటూ గదిలోకొచ్చింది. తెర మీద రాక్షసుడు, ఛాతీ నిండా ఎర్రగా.

"ఛీ ఛీ! ఇంత చదువూ చదివి, ఇంట్లో కూర్చుని ఈ నరుకుళ్లేమిటే!"

"నరుకుళ్లు కాదత్తయ్యా, రక్తస్రావం ఎఫెక్ట్. చూడండి, కత్తి పొడుగునా లోతుగా గాడి పెట్టాను. గాడి వెంట రక్తం కారిపోతుంది. అందుకే దీనికి ఈ పీడ ఇచ్చాను."

"గాడి వల్ల రక్తం రాదు."

ఇద్దరూ ఉలిక్కిపడి చూశారు. మామగారు గుమ్మం బయట గోడకానుకుని నిలబడ్డాడు.

"గాడి బరువు తగ్గడానికమ్మా. కత్తి తేలికవ్వాలి, వంగకూడదు. రక్తానికని ఎవడో కబుర్లరాయుడు పుట్టించి ఉంటాడు. నువ్వు చేసింది కత్తి కాదు, రేకుముక్క."

రెండు వారాలుగా కంటినిండా నిద్రలేని పిల్ల. ఒక్కసారిగా ఉడికిపోయింది.

"దీనికోసం ఎన్ని పుస్తకాలు తిరగేశానో మీకు తెలుసా? ఒక్కరోజైనా లోపలికొచ్చి చూశారా? మీ కొలిమి ఆరిపోయిందని నాదీ ఆర్పేస్తారా మామయ్యా?"

అనేశాక నాలుక కరుచుకుంది. అప్పటికే మాట జారిపోయింది.

మామగారు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నీ పని గిట్టక కాదమ్మా నేను రానిది," అన్నాడు మెల్లగా. "నువ్వు కత్తి గీస్తుంటే నాకు హాల్లోంచి కనబడుతుంది. చూడగానే చెయ్యి సుత్తి కోసం వెతుక్కుంటుంది. వెతుక్కుంటే వణుకుతుంది. ఆ వణుకు నేను చూడలేను. అంతే."

కోడలు లేచొచ్చి ఆయన ముందు నిలబడింది. కళ్లనీళ్లు ఆగడం లేదు. "తప్పయిపోయింది మామయ్యా. కోపం వస్తే తిట్టండి. ఇంక గుమ్మం బయటే మాత్రం ఉండిపోకండి." ఆయన తల ఊపాడు. ఆమె కళ్లు తుడుచుకుని అడిగింది, "మరి రక్తం ఎందువల్ల వస్తుంది?"

రెండేళ్లుగా ఆయన్ను పని గురించి అడిగినవాళ్లు లేరు. గబగబా వంటింట్లోకి నడిచి, ఓ టమాటా పీట మీద పెట్టి, కత్తి పట్టుకున్నాడు. చెయ్యి అటూ ఇటూ ఊగింది. టమాటా దొర్లి పోయింది.

"ఇటివ్వండి, మీ అఘాయిత్యం కాకపోతే!" అని అత్తగారు కత్తి లాక్కుంది. "టమాటాని ఎవరైనా నొక్కుతారా? నొక్కితే నలుగుతుంది. ఇదిగో, ఇలా లాగితే తెగుతుంది."

"అదే!" మామగారు పీట మీద చరిచాడు. "వంకీ కత్తి గుట్టంతా అదేనమ్మా! కొట్టి ఆగిపోకూడదు. తగిలినచోట్నుంచి తనవైపు లాక్కుంటూ వెనక్కి అడుగెయ్యాలి. ఆ లాగుడికే వంపు."

కోడలు టమాటా వంక అలాగే చూస్తూ ఉండిపోయింది. ఆటలో తన వీరుడు ఇన్నాళ్లూ కత్తితో గొడ్డలిలా నరుకుతున్నాడు! పరిగెత్తుకెళ్లి కుర్చీలో కూర్చుంది. గాడి సన్నం చేసింది, బరువు పిడివైపు జరిపింది, వెనకడుగేస్తూ లాగిన దెబ్బకే రక్తస్రావం లెక్కలోకి వచ్చేట్టు మార్చింది. మామగారు గుమ్మం దాటి వచ్చి పక్కనే స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అత్తగారు అన్నం కంచాలు అక్కడికే తెచ్చింది, సణుక్కుంటూనే.

నాలుగింటికి కోడలు ఆట ఆడే కంట్రోలర్ తీసి మామగారి చేతుల్లో పెట్టింది.

"నేనా? ఈ చేతులతోనా?"

"ఈ బొత్తాం నొక్కి, ఈ పుల్లని మీవైపు లాగండి. అంతే."

బొటనవేలు వణుకుతూనే నొక్కింది. తెర మీద వీరుడు నిబ్బరంగా కత్తి దూశాడు. రాక్షసుడి భుజం మీద వంపు ఆనింది, జారింది, వీరుడు నీటిమీద నడిచినట్టు ఒకడుగు వెనక్కొచ్చాడు. మూడో లాగుడికి రాక్షసుడి తల మీద ఎర్రటి చుక్క వెలిగింది. వాడు తూలి, మోకాళ్ల మీద పడ్డాడు.

"నా వణుకు దానికి తెలీనే తెలీదే!" అన్నాడు మామగారు. ఇంకోసారి లాగాడు. ఇంకోసారి. అత్తగారు గిన్నె తోముతున్న చేత్తోనే వచ్చి ఆయన మొహం చూసి నిలబడిపోయింది. రెండేళ్ల తర్వాత అక్కడ వెలుగొచ్చింది.

కోడలు కత్తిని తెరనిండా దగ్గరకు తెచ్చింది. మామగారు కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగాడు. పదును వెంట సన్నగా వెలుతురు పారుతోంది. కత్తి వెన్నుమీద సుత్తి దెబ్బల గుర్తులు పిడి దగ్గర లోతుగా, మొనకు పోయేకొద్దీ పల్చగా ఉన్నాయి. ఆయన వేలితో ఆ దెబ్బలు చూపించాడు.

"దెబ్బ ఇలా పల్చబడాలని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. మీరు చేసిన వంటింటి కత్తిని భూతద్దం పెట్టి చూశాను."

"నిప్పు లేదు, సుత్తి లేదు," అని ఆయన తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు. "ఎక్కణ్ణుంచి తెచ్చావే తల్లీ దీన్ని!" కళ్లు తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

అయిదింటికి కాల్‌లో అవతల పై అధికారి ఆ కత్తి పట్టి పావుగంట ఆట ఆడి చూశాడు. చివరికి, "ఇది నిజం కత్తి," అన్నాడు. "దీని తర్వాత ఇంకా పదకొండు ఆయుధాలున్నాయి. అవీ మీరే చెయ్యాలి."

కాల్ అయిపోగానే ఆమె మామగారి వైపు తిరిగింది. "మామయ్యా, మీరు కత్తులకు వేసే గుర్తు చెప్పండి. ఈ కత్తి మీద మీ గుర్తే వేస్తాను."

"తప్పు," అన్నాడాయన. "పిడి లోపల, ఎవరికీ కనబడని చోట, కొట్టినవాళ్ల గుర్తు పడాలి. అది కమ్మరి ధర్మం. దీన్ని కొట్టింది నువ్వు. నీది వేసుకో."

కోడలి వేళ్లు బొత్తాల మీద ఆగిపోయాయి. నలభై ఏళ్లు కత్తులు కొట్టిన కమ్మరి తనని కమ్మరి అన్నాడు. చిన్న గుర్తు గీసి, పిడి లోపల పెట్టి, ఆయన భుజం మీద తలవాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన వణికే చెయ్యి ఆమె తల మీద పెట్టాడు. ఈసారి చెయ్యి దాచుకోలేదు.

హాల్లో ఫోన్ మోగింది. ఆడపడుచు. సోమవారం సంగతి ఏం చేశారని అడుగుతోంది.

"ఆ ఉద్యోగం ఇంకెవరికైనా చెప్పవే," అంది అత్తగారు, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "మా కోడలికి తీరిక లేదు. మీ నాన్నా తనూ కొలిమిలో ఉన్నారు."