బిషప్‌లో ఫిల్ము

క్లబ్బు మెట్లెక్కుతున్న బావను ఎవరో రాసుకుంటూ వెళ్ళారు. విషపు సూది. పై మెట్టు చేరకముందే ప్రాణం పోయింది. ఆయన డిపార్ట్‌మెంటుకు కోడ్‌లు విప్పేవాడని హంతకులకు తెలుసు. మరదలికి చదరంగం ఓపెనింగ్ నేర్పుతున్నాడని మాత్రం తెలియదు.

ఆ మరదలు కూడా ఏజెంటే. కోడ్‌నేమ్ పిచ్చుక.

"కాసేపు ఏడువమ్మా," అన్నాడు చీఫ్. "తర్వాత బ్రీఫింగ్."

"బ్రీఫింగే కానివ్వండి సార్."

మధ్యాహ్నం టోర్నమెంట్. శత్రుదేశం తరఫున వచ్చే ఛాంపియన్ మనకూ రహస్యాలు అమ్ముతుంది, వాళ్ళకూ అమ్ముతుంది. ఆమె ఆడే తెల్ల బిషప్ ఒకటి లోపల బోలు. అందులో మైక్రోఫిల్మ్. శత్రుదేశంలో దాక్కున్న మన ఏజెంట్ల చిరునామాలు. మొదటిది బావ భార్యది, అంటే పిచ్చుక అక్కది.

"సోదా చెయ్యలేం. దౌత్య పాస్‌పోర్టు. కానీ ఆటలో చంపిన పావు చంపినవాళ్ళ పక్కకే వస్తుంది. కొనడానికొచ్చిన ఆవిడ మన లాకప్పులో ఉంది. ఆవిడ కుర్చీలో నువ్వు కూర్చుంటావు. రూయ్ లోపెజ్ అనే ఓపెనింగ్‌లో వాళ్ళిద్దరూ ముందే అనుకున్న ఎత్తులు వేస్తేనే బిషప్‌ను చంపనిస్తుంది. ఒక్కటి తప్పినా ఆట వదిలేసి దానితో వెళ్ళిపోతుంది. ఎన్ని ఎత్తులొచ్చు?"

"సగం. మిగతా సగం ఇవాళ చెప్తానన్నాడు."

చీఫ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆమె పెన్నుకి దూరంగా ఉండు."

హాల్లో నెరిసిన విగ్గుతో పిచ్చుక కూర్చుంది. ఎదురుగా ఆకుపచ్చ పట్టుగౌను, ముత్యాల దండ, బంగారు పెన్ను. ఎత్తులు చకచకా పడ్డాయి. నేర్చుకున్నవి అయిపోయాయి.

"ఇంత ఆలోచనా మేడమ్? ఈ ఎత్తు చంటిపిల్లలు కూడా వేస్తారు."

"చంటిపిల్లలకి తొందరెక్కువ లెండి."

బావ గొంతు గుర్తొచ్చింది. 'బట్టీ పడితే ఇంతే మరదలా. ఎదుటి పావుకి దారులెన్నున్నాయో చూడు. ఒక్కోటీ మూసెయ్.'

పిచ్చుక బంటును ముందుకు తోసింది. అనుకున్న ఎత్తు కాదది. ఛాంపియన్ నవ్వు ఆగిపోయింది. బిషప్‌కు ఇక ఎటు కదిలినా చావే. ఓడానని నోటితో అంటే ఆట ముగిసేది, బిషప్ ఆమెతోనే వెళ్ళేది. కంగారులో నోటికన్నా ముందు చెయ్యి వెళ్ళింది. బిషప్‌ను పట్టుకుంది.

"ముట్టుకున్నారు," అంది పిచ్చుక. "దాన్నే ఆడాలి."

బల్ల కింద పెన్ను మూత ఊడిన చప్పుడు. అంపైర్ దగ్గరికి వచ్చాడు.

మరో గూఢచారి అయితే ఆ బిషప్‌తో లేచి నడిచేది. ఈ ఛాంపియన్ పాలపళ్ళు ఊడకముందు నుంచీ చదరంగం బల్ల ముందు కూర్చున్న మనిషి. ముట్టుకున్న పావును ఆడకుండా లేవడం ఆ చేతికి చేతకాలేదు. బిషప్‌ను ఏటవాలు గడిలో పెట్టి వదిలింది.

పిచ్చుక బంటు దాన్ని చంపింది. అదే క్షణంలో పెన్నులోని విషపు సూది ఆమె మోకాలి మీదికి దూసుకొచ్చింది. అంపైర్ వేషంలో ఉన్న మనవాడు ఆ మణికట్టు పట్టేశాడు. సూది చీరకు తగిలి ఆగింది.

"ఇదెక్కడి ఓపెనింగ్?" అంది ఛాంపియన్, పళ్ళు బిగించి.

"సగం మా బావది. సగం సొంతం."

సాయంత్రం చీఫ్ యాష్‌ట్రేలో ఫిల్మును కాల్చేశాడు. అప్పుడే ఫోన్ మోగింది. అక్క సరిహద్దు దాటింది. విమానం ఎక్కుతోంది. ఎయిర్‌పోర్టుకు బావనే రమ్మని కబురు పెట్టింది.

ఆమెకు ఇంకా ఎవరూ చెప్పలేదు.